మఫ్టీ డ్యూటీకి ఏది మేలు: రివాల్వరా, 9 ఎంఎం పిస్టలా, గ్లాకా?

దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద ఇసుక వేస్తే రాలదు. ఆ జనంలో మఫ్టీలో తిరిగే ఎస్సై నడుముకి ఏ తుపాకీ ఉండాలి? బెజవాడ లాంటి ఊళ్లో ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

పాత .38 రివాల్వర్ అంటే చాలామందికి చిన్నచూపు. తూటాలు ఆరే, మళ్లీ నింపుకోవడం ఆలస్యం, నిజమే. కానీ తెరిస్తే ఆరు గదులూ కళ్లెదుటే ఉంటాయి, లోపల తూటా ఉందా లేదా అన్న అనుమానమే ఉండదు. ఒకటి పేలకపోతే ఇంకోసారి ట్రిగ్గర్ లాగితే చాలు, తర్వాతి గది ముందుకొస్తుంది. పైగా ముందే హ్యామర్ (వెనక ఉండే, తూటాని పేల్చే సుత్తి) ఎత్తి పెట్టకపోతే ట్రిగ్గర్‌ని గట్టిగా, చివరిదాకా లాగాలి. టెన్షన్‌లో వేలు తగిలి పేలే ప్రమాదం తక్కువ.

ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 9 ఎంఎం ఆటో పిస్టల్ 1ఏ, బ్రౌనింగ్ హై పవర్ అనే విదేశీ పిస్టల్ నమూనాలో చేసింది. 13 తూటాలు పడతాయి, గట్టి సరుకు. కానీ అంతా ఉక్కు, చొక్కా కింద బరువు. ఛాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉంచుకుంటే కాల్చే ముందు రెండో చేత్తో స్లైడ్, అంటే పిస్టల్ పైన జరిగే భాగం, వెనక్కి లాగాలి. ఆ చేత్తో దొంగని పట్టుకుని ఉంటే ఎలా? యూనిఫాం డ్యూటీకి సరే, మఫ్టీకి వద్దంటాను.

1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17కి తమ్ముడు గ్లాక్ 19, 1988లో వచ్చింది. 102 మిల్లీమీటర్ల బ్యారెల్, 15 తూటాలు. ఫ్రేమ్ పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్, కాబట్టి మన ఉక్కపోతలో ఎంత చెమట పట్టినా దానికి తుప్పు పట్టదు. బయట సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి నాలుకలాంటి ముక్క ఉంటుంది, అది నొక్కుకుంటేనే ట్రిగ్గర్ కదులుతుంది. ఛాంబర్‌లో తూటా ఉంచుకుని తిరిగితే తీయగానే కాల్చొచ్చు. అందుకే ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా దీన్ని ప్యాంటులో దోపుకుని తిరగనివ్వకూడదు.

గుంపులో ఇంకో భయం ఉంది. ఫుల్ మెటల్ జాకెట్ (గట్టి లోహపు తొడుగున్న) 9 ఎంఎం తూటా ఒక మనిషిలోంచి దూసుకుపోయి వెనక క్యూలో ఉన్నవాళ్లకి తగలగలదు. ఈ విషయంలో 1ఏ అయినా గ్లాక్ అయినా ఒకటే.

ఏడాది పొడవునా ఫైరింగ్ ప్రాక్టీస్ ఉండే మఫ్టీ టీమ్‌కి నా ఓటు గ్లాక్ 19కే. ఏడాదికోసారి రేంజ్‌కి వెళ్లొచ్చే సిబ్బందికైతే గ్లాక్ ఇవ్వను, రివాల్వరే ఇస్తాను.