చెన్నైలో వంటింటి బస: ఏ పేటలో దిగాలి, ఏమేం అడగాలి

చెన్నైలో బస వెతికేవాళ్లు సాధారణంగా మెరీనాకు ఎంత దూరం, సెంట్రల్ స్టేషన్‌కు ఎంత దూరం అని చూస్తారు. వండుకుని తినాలనుకునే కుటుంబం ముందుగా చూసుకోవలసింది వేరు. పొద్దున్నే పాలు, ఆకుకూర, ఇడ్లీ పిండి నడిచి వెళ్లి తెచ్చుకునేంత దగ్గరలో దొరుకుతాయా అన్నది మొదటి ప్రశ్న. చూడదగ్గ చోట్లకు రైలుంది, బస్సుంది, ఆటో ఉంది. కూరగాయల సంచీ కోసం కూడా ఆటో ఎక్కవలసి వస్తే మాత్రం రెండు రోజుల్లోనే వంట మానేసి హోటల్ మెట్లెక్కుతారు. అప్పుడు వంటింటి కోసం కట్టిన అదనపు అద్దె అంతా దండగే.

మేం డిసెంబరు చివర్లో పిల్లల సెలవులకు వెళ్లాం. మా అత్తగారు కూడా వచ్చారు. ఆవిడకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. వేళకు భోజనం పడాలి, ఉప్పు తగ్గాలి. చిన్నవాడు పెరుగన్నం లేకుండా భోజనం ముగించడు. అందుకే హోటల్ గదుల జోలికి పోకుండా సర్వీస్ అపార్ట్‌మెంట్లే చూశాం. కొన్నాళ్లు త్యాగరాయనగర్‌లో, మిగతా రోజులు మైలాపూర్‌లో ఉండేలా మాట్లాడుకున్నాం. రెండు పేటల తీరూ దగ్గర నుంచి చూశాను కాబట్టి గట్టిగానే చెప్పగలను: షాపింగ్ ప్రధానమైతే త్యాగరాయనగర్, నిమ్మళంగా ఉండాలంటే మైలాపూర్.

కాలం గురించి ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు చెన్నైని తడుపుతాయి. 2015 డిసెంబరు వరదలు ఇంకా అక్కడివాళ్ల నోట వినిపిస్తూనే ఉంటాయి. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే వేళచ్చేరి లాంటి పల్లపు ప్రాంతాలు వద్దు, ఎక్కడ దిగినా కింది అంతస్తు వద్దు. డిసెంబరు రెండో సగం నుంచి జనవరి చివరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. అయితే అదే మార్గళి (ధనుర్మాసం) సంగీత సభల కాలం. మ్యూజిక్ అకాడమీ మొదలుకుని చిన్న సభల వరకు కచేరీలు వినడానికి దేశదేశాల నుంచి వస్తారు. మైలాపూర్, దాని చుట్టుపక్కల మంచి ఇళ్లు ముందే నిండిపోతాయి. దసరా నాటికే మాట్లాడుకోవడం మేలు.

త్యాగరాయనగర్ తెలుగువాళ్లకు కొత్త చోటు కాదు. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువారే. నడిమధ్యనున్న పానగల్ పార్కుకు పేరు వచ్చింది మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా పనిచేసిన పానగల్ రాజా పానగంటి రామారాయణింగార్ వల్ల. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడి ఉంది. దుకాణాల్లో తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబు వస్తుంది. రంగనాథన్ వీధి చివరనే మాంబళం స్టేషన్, అక్కడి నుంచి ఎగ్మోర్‌కు లోకల్ రైలు. ఇన్ని సౌకర్యాలున్నా దుకాణాల వీధుల్లో బస నాకు నచ్చలేదు. రాత్రి పొద్దుపోయేదాకా రద్దీ, హారన్ల మోత. పండగ ముందైతే చెప్పనక్కరలేదు. ఈ పేటే కావాలనుకుంటే రైలు పట్టాలకు అవతల ఉన్న పశ్చిమ మాంబళం చూడండి. అది దుకాణాల పేట కాదు, కాపురాల పేట. అయోధ్య మండపం చుట్టుపక్కల పూలు, కూరగాయలు, పూజా సామగ్రి అన్నీ నడక దూరంలో దొరుకుతాయి. పట్టాలు దాటితే త్యాగరాయనగర్ బజారు.

మేం త్యాగరాయనగర్‌లో దిగిన ఇల్లు ఫొటోల్లో ముచ్చటగా ఉంది. వంటింట్లో గ్రానైట్ గట్టు, తెల్లటి అరలు అన్నీ ఉన్నాయి. తీరా చూస్తే ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక గిన్నె, నాలుగు పళ్లాలు. కుక్కరు అల్యూమినియంది. ఇండక్షన్ మీద అల్యూమినియం వేడెక్కదు కదా! ఫోను చేసి గట్టిగా అడిగితే మర్నాటి సాయంత్రానికి గ్యాసు పొయ్యి, స్టీలు కుక్కరు తెచ్చి పెట్టారు. ‘కిచెన్ సౌకర్యం ఉంది’ అని రాసినంత మాత్రాన వంట సాగుతుందనుకోవడానికి లేదు. గ్యాసా, ఇండక్షనా? ఎన్ని పొయ్యిలు? కుక్కరు, మిక్సీ, ఫ్రిజ్ ఉన్నాయా? అంట్లు తోమడానికి మనిషి వస్తుందా, మనమే తోముకోవాలా? డిపాజిట్ ఎంత, ఎప్పుడు వెనక్కిస్తారు? ఇవన్నీ అడిగి, జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. వంటింటి అరలు తెరిచి చిన్న వీడియో తీసి పంపమనండి. పంపడానికి నసిగితే ఆ ఇల్లు వదిలేయండి.

అన్నిటికంటే ముందు అడగవలసింది మరొకటుంది: మాంసం, చేపలు వండుకోవచ్చా? మైలాపూర్, పశ్చిమ మాంబళంలలో చాలామంది యజమానులు శాకాహారం మాత్రమేనని షరతు పెడతారు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల పద్ధతి. డబ్బు కట్టాక తెలిస్తే మాత్రం మనకు ఇబ్బంది. చెన్నై వెళ్లి సముద్రపు చేప వండుకోవాలనే ఆశ ఉన్నవాళ్లు అడయార్, బెసంట్ నగర్ వైపు చూడాలి. లైట్ హౌస్ దగ్గర నోచికుప్పంలో వంజరం, సందువా తాజాగా దొరుకుతాయి. పొద్దున్నే వెళ్లాలి.

నీళ్ల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. చెన్నైలో చాలా అపార్ట్‌మెంట్ల కుళాయిల్లో వచ్చేది బోరు నీరు. ఉప్పగా, చవుడుగా ఉంటుంది. అందులో పప్పు ఎంతసేపటికీ ఉడకదు, టీ రుచి మారిపోతుంది. అందుకే తాగడానికే కాకుండా వంటకు కూడా 20 లీటర్ల క్యాన్ నీళ్లే వాడతారు. మేమూ అదే చేశాం. అద్దెలో ఎన్ని క్యాన్లు కలిపారో ముందే తేల్చుకోండి. 2019 వేసవిలో ఈ నగరానికి నీళ్లిచ్చే చెరువులు నెర్రెలిచ్చాయి, ట్యాంకర్ల దగ్గర బిందెల వరసలు నిలిచాయి. మన కండలేరు నుంచి పూండి జలాశయానికి వెళ్లే కృష్ణా నీరు కూడా ఇక్కడివాళ్ల దాహం తీరుస్తుందని పిల్లలకు చెబితే, బెజవాడ కృష్ణేనా అని పెద్దది ఆశ్చర్యపోయింది. మే, జూన్ నెలల్లో వెళ్లేవాళ్లు నీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయా అని అడగకుండా బయానా ఇవ్వవద్దు.

మైలాపూర్ గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. కపాలీశ్వరాలయం కోనేటి నుంచి నడక దూరంలో, పాత మేడ పైఅంతస్తులో దిగాం. లిఫ్టు లేదు. అత్తగారి మోకాళ్లకు ఆ మెట్లు కష్టమే అయ్యాయి, అద్దె మాత్రం త్యాగరాయనగర్ కంటే తగ్గింది. పొద్దున ఆరున్నరకు మాడ వీధులకు వెళ్తే నేల మీద గోనెలు పరిచి కూరలు పోసి ఉంటారు. అరటి పువ్వు, అరటి దవ్వ, లేత వంకాయలు, అరటి నారతో కట్టిన తోటకూర కట్టలు, అవిసాకు. అరటి దవ్వను అడిగినవాళ్లకు అక్కడికక్కడే చక్రాల్లా కోసి, నార వేలికి చుట్టి లాగేసి ఇస్తుంది ఒక పెద్దావిడ. ఆమె కత్తి ఆగదు, మాట ఆగదు. మా తెలుగు విని, “ఏ ఊరమ్మా మీది?” అంది. గుంటూరని చెప్పగానే, “అయితే గోంగూర అడుగుతావు. రేపు ఏడు లోపల రా, తీసి పెడతాను” అంది. అన్నట్టే ఎర్ర గోంగూర రెండు కట్టలు పక్కన పెట్టింది. ఆ రోజు మా ఇంట్లో గోంగూర పప్పు. అత్తగారు మెట్ల సంగతి మరిచిపోయారు.

సరుకుల విషయంలో నా అనుభవం ఇది. బియ్యం ఇంటి నుంచే తీసుకెళ్లడం మంచిది. అక్కడ పొన్ని బియ్యం అడిగితే ఎక్కువగా ఉప్పుడు బియ్యమే తీసిస్తారు, మనకు కావలసింది పచ్చరిసి (పచ్చి బియ్యం) అని విడమరిచి చెప్పాలి. కారం, కందిపొడి, ఆవకాయ కూడా ఇంటివే ఉండాలి. మిగతావన్నీ అక్కడ కొనుక్కోవచ్చు. ఆవిన్ పాలు తెల్లవారేసరికి ప్రతి వీధి మూలకూ వచ్చేస్తాయి. నారింజ రంగు పాకెట్టు చిక్కటి పాలు, పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఇడ్లీ పిండిని గ్రైండర్ పెట్టుకున్న చిన్న దుకాణాల్లో కిలోల లెక్కన కవర్లో పోసి ఇస్తారు. ఆ పూట రుబ్బిందేనా అని అడిగి తీసుకోండి. నిన్నటిదైతే మధ్యాహ్నానికే పులిసిపోతుంది. కాఫీ పొడి మాత్రం పాకెట్టులో కొనకండి. గింజలు మన కళ్లెదుటే వేయించి మర ఆడించే దుకాణాలు మైలాపూర్‌లో ఉన్నాయి. చికోరీ ఎంత కలపాలని అడుగుతారు. కవరు చేతికిచ్చేసరికి పొడి ఇంకా వెచ్చగా ఉంటుంది. మేం ఎనభైకి ఇరవై కలిపించుకున్నాం. అందుకే కాఫీ ఫిల్టరు ఉన్న ఇల్లు దొరికితే వదలకండి.

అలాగని మూడు పూటలా వండుకోమని నేను చెప్పను. చెన్నై టిఫిన్లు ఇంట్లో చేసుకోవడం అన్యాయం. మేం ఒక రోజు ఇంట్లో ఇడ్లీ వేసుకుంటే మరో రోజు బయట పొంగలి, వడ తిన్నాం. తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్)లో రత్నా కేఫ్ సాంబారు ఇడ్లీకి పేరు. ఇడ్లీలు మునిగేలా సాంబారు పోస్తారు. మధ్యాహ్న భోజనం మాత్రం ఇంట్లోనే. దీనికి కారణం రుచి ఒక్కటే కాదు. అక్కడి గుళ్లు మధ్యాహ్నం పన్నెండు దాటితే మూసేసి, నాలుగు తర్వాతే తెరుస్తారు. పొద్దున ఎనిమిదికల్లా కుక్కరు దించి, గుడికో మరో చోటికో వెళ్లి, ఒంటిగంటకు తిరిగొచ్చి తిని, కాసేపు నడుం వాల్చి, నాలుగున్నరకు సముద్రానికి బయలుదేరితే ముసలివాళ్లూ అలసిపోరు, పిల్లలూ మారాం చేయరు. గుడి పక్కనే వంటిల్లు ఉండటంలో ఉన్న సుఖం ఇది.

మిగతా పేటల గురించి క్లుప్తంగా. బెసంట్ నగర్‌లో గాలి, వెలుతురు, ఇలియట్ బీచ్, అష్టలక్ష్మి గుడి అన్నీ బాగుంటాయి. అద్దె ఎక్కువ, స్టేషను దూరం. తిరువల్లిక్కేణి చవక, కానీ అక్కడి మాన్షన్లు ఒంటరి మగవాళ్ల కోసం కట్టినవి. గ్రీమ్స్ రోడ్డులో వంటింటి గదులు కోకొల్లలు, అవి ఆసుపత్రికి వచ్చినవాళ్లకు ఆసరా. సెలవులకు వెళ్లి వాళ్ల చోటు ఆక్రమించడం నాకు ఇష్టం లేదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు విల్లాలు సొంత కారుతో మహాబలిపురం వైపు తిరిగేవాళ్లకు బాగుంటాయి, ఊరు చూడటానికి పనికిరావు.

మైలాపూర్‌లో తిరుమయిలై స్టేషన్ నుంచి లోకల్ రైలు ఎక్కితే లైట్ హౌస్, చేపాక్ నిమిషాల్లో వస్తాయి. మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మెట్రో రెండో దశ తవ్వకాలతో లజ్ కూడలి చుట్టూ దారులు మారాయి, ఆటో ఎక్కేముందు పావుగంట కలుపుకోండి. ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు తప్పక చూడండి. శుక్రవారం సెలవు. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరులో ప్రాణాలు విడిచిన ఇల్లు రాయపేట హైరోడ్డులో స్మారక భవనంగా ఉంది. మాడ వీధుల నుంచి పెద్ద దూరం కాదు. తెలుగు పిల్లలు ఆ గడప తొక్కాలి. మా వాళ్లకు యాభై ఎనిమిది రోజుల దీక్ష గురించి అక్కడే చెప్పాను.

తిరుగు ప్రయాణానికి పినాకిని మాకు వీలుగా ఉంది. అది సెంట్రల్ నుంచి మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో బయలుదేరుతుంది, ఇల్లు పదకొండుకు ఖాళీ చేయాలి. ఆ పొద్దున మిగిలిన బియ్యంతో పులిహోర కలిపి డబ్బాలకెత్తాను. విప్పని కందిపప్పు, నూనె పాకెట్లు వాచ్‌మన్ ఇంటికి ఇచ్చాం. యజమాని మనిషి వచ్చి గిన్నెలు లెక్క చూసుకుని, గ్యాసు కట్టేసి, డిపాజిట్ అక్కడికక్కడే ఫోనులో వేశాడు. త్యాగరాయనగర్‌ వాళ్ల దగ్గర నుంచి అది రావడానికి వారం పట్టింది. తాళాలు అప్పగించేముందే డిపాజిట్ చేతిలో పడేలా మాట్లాడుకోండి.