నల్గొండ ఎండల్లో ఐసు దిమ్మ: తొట్టికి సరే, గ్లాసుకు వద్దు

ఎండాకాలం పెళ్లిళ్లకు ఫ్యాక్టరీ నుంచి తెచ్చే దిమ్మ ఐసు, తొట్టిలో కూల్‌డ్రింకు సీసాలు చల్లబరచడానికి బంగారం. షర్బత్‌లోకి మాత్రం దండగ, పైగా ప్రమాదం.

దిమ్మను వెలుగుకు పెట్టి చూడండి. అంచులు అద్దంలా, నడుమ పాలలా ఉంటుంది. డబ్బాలో నీళ్లు బయటి నుంచి లోపలికి గడ్డకడుతూ లవణాలను, గాలి బుడగలను నడిమికి నెట్టేస్తాయి. మన బోరు నీళ్ల ఫ్లోరైడ్ కూడా అక్కడికే చేరుతుంది. తినకూడని ఐసుకు నీలిరంగు కలపాలని 2018 నుంచి నిబంధన ఉంది. రంగు లేనంత మాత్రాన తినొచ్చని కాదు.

అసలు ఐసు యంత్రం గ్లాసు కోసం పుట్టలేదు. ఫ్లోరిడాలోని అపలాచికోలా రేవులో డాక్టర్ జాన్ గోరీ జ్వరం రోగుల గదుల కోసం దాన్ని చేశాడు. 1837లో ఆయన ఆ ఊరి మేయర్ కూడా. జ్వరాలు చెడుగాలితో వస్తాయనుకున్నాడు. అది తప్పే, కానీ ఐసు పళ్లెం పైకప్పుకు వేలాడదీయడం ఒప్పు: చల్లగాలి బరువెక్కి కిందికి దిగుతుంది. గాలిని నొక్కి, నీళ్లతో చల్లార్చి, మళ్లీ వ్యాకోచింపజేసే ఆయన యంత్రానికి 1851లో పేటెంట్ వచ్చింది. పెట్టుబడి పెట్టినవాడు పోయాడు, వ్యాపారం లేవలేదు, 1855లో ఆయనా పోయాడు. ఇప్పటి ఫ్యాక్టరీల్లో ఆ పని అమ్మోనియా చేస్తోంది.

మన ఫంక్షన్ హాళ్లలో దిమ్మను నేల మీద ఫ్యాను ముందు పెడతారు. చల్లదనం కాళ్ల దగ్గరే ఆగుతుంది. పైగా 50 కిలోల దిమ్మ మొత్తం కరిగితే వచ్చేది ఒక టన్ను ఏసీ గంటా ఇరవై నిమిషాల పని. ఏసీకి "టన్ను" లెక్క వచ్చిందీ ఐసు నుంచే. ఎయిర్ కూలర్ నీళ్ల ట్యాంకులో వేయడమూ వృథానే: కిలో ఐసు కరగడానికి పట్టే వేడి కంటే కిలో నీళ్లు ఆవిరవడానికి పట్టేది ఏడు రెట్లు.

సీసాలకైతే తొట్టిలో రెండు లీటర్ల డ్రింకుకు కిలో ఐసు చొప్పున వేసి, సీసాల మెడ దాకా నీళ్లు పోయండి. నీళ్లు లేకుంటే ముక్కలు అక్కడక్కడే తగిలి సగం సీసాలు వెచ్చగానే మిగులుతాయి. సుత్తితో నేరుగా కొట్టొద్దు, పొడైపోతుంది. సువ్వతో వరసగా గుంటలు పెట్టి అప్పుడు కొడితే గీత గీసినట్టు చీలుతుంది. మిగిలింది గోనెలో చుట్టి ఊకలో పాతండి, మిర్యాలగూడ మిల్లుల చుట్టుపక్కల ఊకకు కొదవా? కరిగిన నీరు కిందికి కారిపోవాలి. నీళ్లలో నానితే రాత్రికే సగమవుతుంది.