కొత్త పూల్ ప్లాస్టర్ మీద తుప్పు మరకలకు విటమిన్ సి పొడి: రెండేళ్ల వాడకం తర్వాత

వాడింది 60,000 లీటర్ల పూల్‌లో. తెల్ల సిమెంట్, మార్బుల్ పొడి ప్లాస్టర్. నింపింది బోరు నీళ్లతో. ఒక్క మాటలో: ఈ పొడి మరకను తీస్తుంది, నీళ్లలోని ఐరన్‌ను తీయదు. ఈ తేడా తెలియక కొన్నవాళ్లే నెల తిరక్కుండా పొడిని తిడతారు.

బోరు నీళ్లు తేటగానే కనిపిస్తాయి. క్లోరిన్ పడగానే అందులో కరిగి ఉన్న ఐరన్ టీ రంగుకు తిరిగి గోడలకు పడుతుంది. కొత్త ప్లాస్టర్‌కు ఈ బాధ ఎక్కువ. మొదటి 28 రోజులు సిమెంట్ సున్నం వదులుతూనే ఉంటుంది, పీహెచ్ 8 దాటిపోతుంది, ఐరన్ ఇంకా త్వరగా పేరుకుంటుంది.

కొనేముందు పరీక్ష చేయండి. చెంచాడు పొడి పాత సాక్సులో కట్టి మరక మీద నిమిషంసేపు అదిమి పట్టాలి. అక్కడ తెల్లబడితే ఐరనే. (మెడికల్ షాపులో దొరికే నమిలే మాత్రలు వద్దు, వాటిలో రంగు ఉంటుంది.) మారకపోతే మరోచోట క్లోరిన్‌తో ఇలాగే చూడండి. పోతే అది ఆకుల మరక, ఈ పొడితో పనిలేదు. నీలం, ఆకుపచ్చ ఛాయ ఉంటే రాగి. నాచు పోవడానికని మైలుతుత్తం పోసే అలవాటున్న పూల్స్‌లో ఇది మామూలే.

అసలు పని ఇలా. క్లోరిన్ వేయడం ఆపి, రీడింగ్ సున్నాకు వచ్చేదాకా ఎండకు వదలాలి. తొందరైతే హైపో (క్లోరిన్‌ను చంపే సోడియం థయోసల్ఫేట్) వాడొచ్చు. క్లోరిన్ మిగిలి ఉంటే పొడి దానితోనే ఖర్చైపోతుంది, డబ్బు దండగ. పీహెచ్ 7.2 దగ్గరికి దించి, రాగి లేని ఆల్జిసైడ్ (నాచు మందు) వేసుకోవాలి; లేకపోతే క్లోరిన్ లేని ఆ రెండు మూడు రోజుల్లో నీళ్లు పచ్చబడతాయి. పంపు నడుస్తుండగా 700 గ్రాముల పొడి మరకలున్న వైపు నుంచి చల్లాలి. అరగంటలోనే తేడా తెలుస్తుంది, మొండి మరకకు ఒక రోజు. మర్నాడు మెటల్ సీక్వెస్ట్రెంట్ (ఐరన్‌ను గోడకు పడనివ్వకుండా నీళ్లలోనే పట్టి ఉంచే మందు), హెచ్‌ఈడీపీ రకం, లేబుల్ మీది మోతాదులో పోయాలి.

తర్వాత చాలామంది తప్పు చేసేది క్లోరిన్ దగ్గర. మిగిలిన విటమిన్ సి మొదట వేసిన క్లోరిన్‌ను 4, 5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాకా మింగేస్తుంది, రీడింగ్ రాదు. కంగారుపడి ఒక్కసారిగా షాక్ చేస్తే, అంటే క్లోరిన్ భారీగా పోస్తే, పోయిన మరక తిరిగొస్తుంది. ద్రవ క్లోరిన్ కొద్దికొద్దిగా వేస్తూ 1 పీపీఎం దగ్గర నిలపాలి. ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) కాస్త తగ్గుతుంది. ఇంత నీటికి 10 పీపీఎం పెంచడానికి కిలో సోడియం బైకార్బొనేట్ చాలు.

సీక్వెస్ట్రెంట్‌ను క్లోరిన్ మెల్లగా విరగ్గొడుతుంది, అందుకే నెలనెలా పోస్తూ ఉండాలి. వేసవిలో ఇంకా ముఖ్యం. ఆవిరయ్యేది నీరే, ఐరన్ లోపలే ఉంటుంది. మళ్లీ పోసే బోరు నీళ్లు ఇంకొంత తెస్తాయి. ఖర్చు అసలు ఇక్కడే, పొడి దగ్గర కాదు.

పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. ఒకేచోట చుక్కలా తుప్పు కారుతూ ఉంటే లోపల బైండింగ్ వైర్ ముక్క పైకి ఉన్నట్టు. ఎంత పొడి వేసినా తిరిగొస్తుంది. చెక్కి, వైర్ కోసి, ప్యాచ్ వేయాల్సిందే. బూడిద రంగు మబ్బుల్లాంటి మచ్చలైతే అవి అసలు మరకలే కావు. త్వరగా గట్టిపడాలని కలిపిన కాల్షియం క్లోరైడ్, లేదా మేస్త్రీ ఆలస్యంగా గట్టిగా తాపీ తిప్పడం కారణం. వాటి మీద యాసిడ్ వాష్ చేయించొద్దు, కొత్త ప్లాస్టర్ పైపొర గరుకుబారి తర్వాత మరకలు ఇంకా పడతాయి. యాసిడ్ చుక్కకు నురగ వస్తే స్కేల్ (నీళ్ల నుంచి పేరుకున్న కాల్షియం పొర) అని తేల్చేవాళ్లనూ నమ్మొద్దు, ప్లాస్టర్‌కూ నురగ వస్తుంది.

మళ్లీ నింపే పని పడితే మధ్యలో ఆపకండి, ఆపినచోట గీత పడుతుంది. పైపు చివర గుడ్డ చుట్టండి. మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు నైలాన్ బ్రష్‌తో రుద్దండి, సీక్వెస్ట్రెంట్ క్లోరిన్ కన్నా ముందే పడాలి.

పొడిని గాలి చొరని డబ్బాలో దాచండి. పసుపు రంగుకు తిరిగితే బలం తగ్గినట్టే.