మొదటి క్రూజర్‌గా బజాజ్ అవెంజర్ 220 ఆ, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 ఆ?
బెజవాడలో ఇప్పుడే బండి నేర్చుకుంటూ క్రూజరే (సీటు కిందికి ఉండి, కాళ్ళు ముందుకి చాపుకుని నడిపే పొడవాటి బండి) కావాలి అనేవాళ్ళు ముందు అవెంజర్ 220 క్రూజ్ చూడండి. సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లే, బరువు 163 కేజీలు, పొట్టివాళ్ళకైనా రెండు పాదాలు పూర్తిగా నేలకి ఆనతాయి, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ముందు ఆటో, పక్కన ఆర్టీసీ బస్సు ఆగినప్పుడు ఆ ధైర్యమే సగం డ్రైవింగ్. మీటియర్ సీటు 765, అదీ ఎత్తేం కాదు, కానీ బండి 191 కేజీలండీ, నడుస్తుంటే తెలీదు, బీసెంట్ రోడ్డు పక్క సందులో పార్క్ చేసి వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. యూటర్న్‌లో మాత్రం అవెంజర్‌కే చోటు ఎక్కువ కావాలి, దాని వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, 1490 మిల్లీమీటర్లు, మీటియర్‌ది 1400.

బ్రేకుల్లో మీటియర్‌దే పైచేయి, ఇందులో నాకు అనుమానమే లేదు. రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు, రెండిటికీ ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా వేసినా చక్రం లాక్ అవ్వకుండా చూసేది. అవెంజర్‌కి ముందు చక్రానికే ఏబీఎస్, వెనక ఏబీఎస్ లేని డ్రమ్ము బ్రేకు. కొత్తవాళ్ళు కంగారులో వెనక బ్రేకే గట్టిగా తొక్కేస్తారు కదా, వానకి తడిసిన రోడ్డు మీద చక్రం లాక్ అయ్యి జారేది అప్పుడే. గుంటూరు హైవే రోజూ ఎక్కేవాళ్ళైతే, బరువు ఆపుకోగలిగితే, ఇంకొంచెం డబ్బు పోగేసుకుని మీటియరే తీసుకోండి. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి అవెంజర్ చాలు. ఏదైనా సరే బుక్ చేసేముందు షోరూమ్‌లో ఇంజిన్ ఆపి, సీటు మీద కూర్చునే కాళ్ళతో వెనక్కి నెట్టి చూడండి.