అజ్నవూర్ కోసం గ్యుమ్రీ దాకా

మా అక్క కూతురు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతోంది. ఏప్రిల్‌లో దాన్ని చూడ్డానికి వెళ్లి, పనిలో పనిగా షార్ల్ అజ్నవూర్ పేరున్న చోట్లన్నీ తిరిగొచ్చాను. "ఫ్రెంచ్ పాటలు పాడే ఆయన కోసం ఆర్మేనియాలో వెతకడం ఏంటి?" అన్నాడు మా బావ. ఆయన పుట్టింది 1924లో పారిస్‌లోనే, కానీ అమ్మానాన్నలు ఆర్మేనియన్లు. అసలు పేరు షహ్నూర్. తొమ్మిదేళ్లకు స్టేజీ ఎక్కిన మనిషి, 94 ఏళ్ల వయసులో 2018 సెప్టెంబరులో జపాన్‌లో కచేరీ చేసి, అక్టోబరు 1న పోయారు. మధ్యలో వెయ్యికి పైగా పాటలు, పదుల కొద్దీ సినిమాలు. 1960లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫో సినిమాలో పియానో వాయించే హీరో ఆయనే. మన నాగయ్య గారిలా పాటా నటనా రెండూ వచ్చిన మనిషి. కాకపోతే ఈయన పొట్టి, గొంతేమో బొంగురు. మొదట్లో ఆ గొంతునే అందరూ వెక్కిరించారట.

యెరెవాన్‌లో అబోవ్యాన్ వీధిలో ఆయన పేరిట ఒక కూడలి ఉంది. పెద్ద చదరంగం బల్ల, రాశుల బొమ్మలున్న ఫౌంటెన్, ఇనుప సాలీడు. పిల్లలకు బాగుంటుంది గానీ అక్కడ అజ్నవూర్ కనబడేది పేరులోనే. అరగంట చాలు. కాస్కేడ్ మాత్రం వదలొద్దు, కొండవాలు మీద కట్టిన పెద్ద మెట్ల వరుస అది. 572 మెట్లు. లోపల ఎస్కలేటర్ ఉందని నాకు సగం ఎక్కాక తెలిసింది. మా పిల్ల ముందే చెప్పకుండా నవ్వుకుంటూ నిలబడింది. పైన ఆయన పేరుతో కట్టిన భవనాన్ని బయటినుంచే చూశాం. పొద్దున్నే వెళ్తే అరరాత్ కొండ మంచుతో సహా కనిపిస్తుంది, మధ్యాహ్నానికి మసకబారిపోతుంది.

ఒక్కరోజే ఉంటే ఆ రోజు ఆర్మేనియాలో రెండో పెద్ద ఊరైన గ్యుమ్రీకి ఇవ్వండి. ఎక్స్‌ప్రెస్ రైలైతే రెండు గంటల పైచిలుకు, కుడివైపు కిటికీ పట్టుకుంటే అరగాట్స్ మంచుకొండ చాలాసేపు తోడొస్తుంది. 1988 డిసెంబరు 7న వచ్చిన భూకంపంలో ఈ ప్రాంతమంతా కుప్పకూలింది, పాతిక వేల మంది దాకా పోయారు. అజ్నవూర్ ఫ్రాన్స్‌లో గాయకులందరినీ పోగేసి 1989లో ఆర్మేనియా కోసం పాట రికార్డు చేయించారు. అది అక్కడ వారాల తరబడి నంబర్ వన్. ఆ డబ్బు ఇక్కడికి వచ్చింది. అందుకే 2001లో, ఆయన బతికుండగానే, ఈ ఊళ్లో విగ్రహం పెట్టారు.

విగ్రహం దగ్గరకు తీసుకెళ్లిన ట్యాక్సీ డ్రైవరుకు ఇంగ్లీషు రాదు. నేను "అజ్నవూర్" అనగానే కారు పక్కకు ఆపి, ఫోన్‌లో పాట పెట్టి, అది అయిపోయేదాకా బండి కదపలేదు. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది, నేనేమీ అనలేదు!

బసలో మాత్రం మోసపోయాం. ఫొటోల్లో నల్లరాయి పాత ఇల్లు, ఎంతో అందంగా కనిపించింది. తీరా వెళ్తే గదిలో హీటర్ రాత్రి పదకొండుకు గానీ పనిచేయలేదు. ఏప్రిల్‌లో కూడా అక్కడ చలి ఎముకల్లోకి దిగుతుంది. బుక్ చేసేముందు "హీటింగ్ పనిచేస్తోందా?" అని ఒకటికి రెండుసార్లు అడగండి. లేదా సాయంత్రం రైలుకే తిరిగొచ్చేయండి.

శాకాహారులకు టెన్షన్ వద్దు. యెరెవాన్‌లో జెంగ్యాలోవ్ హాట్స్ అని రకరకాల ఆకుకూరలు సన్నగా తరిగి రొట్టెలో పెట్టి కాలుస్తారు. వేడివేడిగా తింటే రెండు చాలు. పక్కన తాన్ తీసుకోండి, మన ఉప్పు మజ్జిగే. మా పిల్ల అందులో పచ్చిమిర్చి, కరివేపాకు లేవని ఇప్పటికీ గొణుగుతుంది.