పెడల్‌లో ఐసీ: డిప్పా, ఎస్ఎండీయా? ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తానండీ. గిటార్ పెడల్ (కాలితో నొక్కి గిటార్ సౌండ్ మార్చుకునే పెట్టె) సొంతంగా కట్టుకునేవాళ్లు, అందులోనూ మన గోదావరి జిల్లాల్లో ఉండేవాళ్లు, ఎనిమిది కాళ్ల డిప్ ఐసీనే, అంటే కాళ్లు బోర్డు బెజ్జాల్లోకి దిగే పెద్ద రకమే తీసుకోండి. అందులో దొరకని ఐసీ అయితే ఎస్ఓఐసీ (బోర్డు పైనే అతికించే ఎస్ఎండీల్లో కాస్త పెద్ద రకం) కొని, దాని కాళ్లని డిప్ కొలతకి మార్చే అడాప్టర్ బోర్డు మీద అతికించుకోండి, అంతకన్నా చిన్నవాటి జోలికి పోవద్దు. నేనుండేది అమలాపురం. ఏళ్ల తరబడి ఓవర్‌డ్రైవ్‌లు, డిస్టార్షన్‌లు, డిలేలు కట్టి ఇక్కడి చర్చిల్లో ఆర్కెస్ట్రాల్లో వాయించే కుర్రాళ్లకి ఇస్తున్నాను, పాడైతే అవి మళ్లీ నా బల్ల మీదకే వస్తాయి కాబట్టి ఏ ప్యాకేజీ (ఐసీ పైతొడుగు, కాళ్ల రకం) ఎలా ముసలిదవుతుందో విప్పి చూసే అవకాశం నాకు బాగానే దొరికింది.

ముందు సౌండ్ సంగతి, ఎందుకంటే అందరూ అడిగేది అదే. డిప్‌లో సౌండ్ బరువుగా ఉంటుంది, ఎస్ఎండీలో పల్చబడిపోద్ది అని చాలామంది గట్టిగా నమ్ముతారు. నా చెవికైతే తేడా లేదు. ఒకే బోర్డు, అవే డయోడ్లు, అవే పాట్లు (నాబ్ వెనకుండే పొటెన్షియోమీటర్లు), ఐసీ బేస్‌లో (ఐసీని గుచ్చి తీసుకునే సాకెట్‌లో) ఒకసారి డిప్ టీఎల్072 ఐసీ పెట్టి ఇంకోసారి అడాప్టర్ మీదున్న ఎస్ఓఐసీ టీఎల్072 పెట్టి వాయించి చూశాను, వేరేవాళ్ల చేత వాయించి నేను కళ్లు మూసుకుని విన్నాను. లోపలుండే సిలికాన్ ఒకటే కదా, గిటార్ వాడే ఫ్రీక్వెన్సీల్లో కాళ్ల పొడుగు వల్ల వచ్చే తేడా చెవికి అందేది కాదు. రెండు పెడల్స్ పక్కపక్కన పెడితే తేడా వినపడుతుంది నిజమే, కానీ మామూలు పాట్ అంటేనే 20 శాతం అటూ ఇటూ ఉంటుంది, కెపాసిటర్ 10 శాతం, ఆ తేడాలన్నీ తెచ్చి ఐసీ ప్యాకేజీ నెత్తిన రుద్దుతారు.

మరి ప్యాకేజీ గురించి ఇంత ఆలోచన ఎందుకంటే, కట్టేటప్పుడు మన చెయ్యి, పాడైనప్పుడు మన ఊరు, ఈ రెండింటి కోసం. డిప్‌లో కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు, రెండు వరసల మధ్య 7.62, డాట్ బోర్డు బెజ్జాలు కూడా సరిగ్గా అదే లెక్కలో ఉంటాయి కాబట్టి నేరుగా కూర్చుంటుంది. ఎస్ఓఐసీలో అది సగం, 1.27. ఇంకా చిన్న రకాలైన ఎంఎస్ఓపీ, టీఎస్ఎస్ఓపీల్లో 0.65కి వచ్చేస్తుంది, 25 వాట్ల సోల్డ్రాన్‌తో (సోల్డరింగ్ ఐరన్‌తో) చెయ్యలేమని కాదు గానీ చేతికి నరకం. క్యూఎఫ్ఎన్‌కి అసలు కాళ్లే ఉండవు, ప్యాడ్లన్నీ అడుగునే, హాట్ ఎయిర్ మెషీన్ లేకుండా పనవ్వదు, పెడల్‌కి అంత అవసరమూ లేదు.

రిపేరు సంగతి ఇంకా ముఖ్యం. ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808 అనే పేరున్న ఓవర్‌డ్రైవ్ పెడల్‌లో జేఆర్‌సీ 4558డీ వేశారు కాబట్టి ఆ ఐసీ అంటే గిటార్ వాళ్లకి అదేదో అపురూపమైన వస్తువులా అనిపిస్తుంది, కానీ మన దగ్గర మైక్‌సెట్ రిపేరు షాపుకి వెళ్లి బాస్ ట్రెబుల్ బోర్డు చూడండి, దాని మీదుండేది ఈ 4558 ఐసీయే, అదీ డిప్‌లోనే. డిలేకి వాడే పీటీ2399 కూడా అంతే, పదహారు కాళ్ల డిప్, మైక్ ఎకో బోర్డుల్లో ఉంటుంది. క్రిస్మస్ ప్రోగ్రాం ముందు రోజు రాజోలు నుంచి ఓ తమ్ముడు ఫోన్ చేసి, అన్నయ్యా పెడల్ మూగబోయింది అన్నాడు, వాళ్ల ఊళ్లోనే టీవీ మెకానిక్ దగ్గర పాత 4558 ఒకటి తీసుకుని బేస్‌లో మార్చుకోమన్నాను, రాత్రికల్లా వాయించేశాడు. అదే ఎస్ఎండీ అయ్యుంటే హైదరాబాద్ కోఠీ నుంచో చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో రావాలి, వచ్చినా ఆ మెకానిక్ బాబాయ్‌ది ఒకటే మాట, "కళ్లు ఆనట్లేదురా అబ్బాయ్".

ఇక బేస్. ఈ ఒక్క విషయంలో మాత్రం దయచేసి డబ్బులు చూసుకోవద్దు. బేస్‌లు రెండు రకాలు, లోపల రేకు ముక్కలుండే చవకవి, గుండ్రటి బెజ్జాలుండే మెషీన్డ్ పిన్‌వి. పొడి ఊళ్లల్లో రేకువి బాగానే బతుకుతాయేమో గానీ మన దగ్గర ఆ తేమకి, ముఖ్యంగా అంతర్వేది, నర్సాపురం వైపు ఉప్పుగాలికి, రేకు నల్లబడిపోద్ది. పెడల్ ఆన్‌లోనే ఉంటుంది, సౌండ్ వస్తుంది పోతుంది, మధ్యలో చిటపటలు, మూత విప్పి ఐసీని వేలితో అలా నొక్కగానే శుభ్రంగా పలుకుతుంది. ఈ కంప్లైంట్‌తో వచ్చినవాటిలో దాదాపు అన్నీ రేకు బేస్‌లే, మెషీన్డ్ పిన్‌వి ఇంతవరకు నన్ను ఇబ్బంది పెట్టలేదు. బైక్ మీద వేసుకుని చెరువుగట్ల రోడ్ల మీద తిరిగే పెడల్ అయితే ఇంకో మాట చెప్తాను, ఐసీ ఏదో ఖాయం చేసుకున్నాక బేస్ తీసేసి నేరుగా సోల్డర్ చేసెయ్యండి. బేస్ ఉండాల్సింది రెండు మూడు రకాల ఐసీలు మార్చి మార్చి వినాలనుకునే పెడల్‌లో.

కొత్త డిప్ ఐసీ కాళ్లు కొంచెం బయటికి విచ్చుకుని వస్తాయి. అలాగే బేస్‌లోకి దించితే ఒక కాలు లోపలికి మడతపడి ఐసీ కిందకి పోద్ది, పైనుంచి చూస్తే కనపడదు. ఐసీని పక్కకి తిప్పి ఒక వరస మొత్తాన్ని బల్ల మీద ఆనించి మెల్లగా వంచితే నాలుగు కాళ్లూ ఒకేసారి తిన్నగా వస్తాయి.

ఎస్ఓఐసీకి భయపడక్కర్లేదు. కొన్ని ఇప్పుడు ఎక్కువగా ఎస్ఎండీలోనే దొరుకుతున్నాయి, ఉదాహరణకి జే201 ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), బెజ్జాల్లోకి దిగే మూడు కాళ్ల టీఓ-92 రకాన్ని పెద్ద కంపెనీలు ఆపేశాయి, ఆ పేరుతో అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ, నమ్మకంగా కావాలంటే ఎంఎంబీఎఫ్‌జే201 అని ఎస్ఓటీ-23లో (ఇది ఎస్ఓఐసీ కన్నా చిన్నదే గానీ మూడే కాళ్లు) తీసుకుని చిన్న అడాప్టర్ మీద వేసుకోవాల్సిందే. అతికించే పద్ధతి ఎస్ఓఐసీకైనా దీనికైనా ఒకటే. ముందు ఒక మూల ప్యాడ్‌కి మాత్రమే కొంచెం లెడ్ (సోల్డర్) పెట్టాలి, ట్వీజర్‌తో ఐసీని పట్టుకుని ఆ లెడ్ కరిగిస్తూ లోపలికి జరపాలి, ఫోన్ కెమెరా జూమ్ చేసి కాళ్లన్నీ ప్యాడ్ల మీద కూర్చున్నాయో లేదో చూసుకోవాలి, వంకరగా ఉంటే అప్పుడే సర్దుకోవాలి, ఇంకా ఒక్క కాలే కదా అంటుకుంది. తర్వాత ఎదురు మూల, ఆ తర్వాత ఫ్లక్స్ (లెడ్ సాఫీగా పారేలా చేసేది) రాసి మిగతావి. కాళ్ల మధ్య లెడ్ కలిసిపోతే ఇంకాస్త ఫ్లక్స్ వేసి రాగి అల్లిక విక్‌తో పీల్చేస్తే పోద్ది. కొన్ని ఎస్ఓఐసీల మీద చుక్క ఉండదు, ఒక పక్క అంచు ఏటవాలుగా చెక్కినట్టుంటుంది, ఒకటో కాలు అటువైపే. ఇంకోటి, అడాప్టర్‌తో వచ్చే చదరపు పిన్నులు మెషీన్డ్ పిన్ బేస్‌లోకి దూరవు, బలవంతంగా తోస్తే బేస్ పాడవుద్ది, సన్నటి గుండ్రటి పిన్నులే విడిగా కొనుక్కోవాలి.

ఆర్డర్ పెట్టేటప్పుడు నంబర్ చివరి అక్షరం చదవండి, ఫొటోని అస్సలు నమ్మొద్దు. మావాడొకడు ఆన్‌లైన్‌లో డిప్ ఫొటో చూసి ఆర్డర్ పెడితే ఇంటికి ఎస్ఎండీవి దిగాయి, వెనక్కి తీసుకోం అన్నారంట. పైగా అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో టీఎల్072సీపీ అంటే డిప్, టీఎల్072సీడీ అంటే ఎస్ఓఐసీ. అదే జేఆర్‌సీలో 4558డీ అంటే డిప్, 4558ఎం ఎస్ఎండీ, 4558ఎల్ అయితే కాళ్లన్నీ ఒకే వరసలో ఉండే ఎస్ఐపీ. అంటే డీ అక్షరం ఒక కంపెనీలో మనకి కావాల్సింది, ఇంకో కంపెనీలో వద్దనుకున్నది. ఎల్ఎం386 అయితే ఎన్ ఉన్నది డిప్, ఎం ఉన్నది ఎస్ఎండీ.

డ్యూయల్ ఆప్‌ఆంప్‌ల (ఒకే ఐసీలో రెండు యాంప్లిఫైయర్లుండేవాటి) వరకు, అంటే 4558, టీఎల్072, ఎన్‌ఈ5532 వరకు, డిప్ అయినా ఎస్ఓఐసీ అయినా కాళ్ల వరస ఒకటే కాబట్టి అడాప్టర్ మీద ధైర్యంగా మార్చుకోవచ్చు. 5532 పెడితే మాత్రం సప్లై కాళ్ల పక్కనే 100 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి, అడాప్టర్ వాడితే అడాప్టర్ మీదే. అన్ని ఐసీలూ ఇలా ఉండవు. 9 వోల్టుల్ని 18 చేసుకోడానికి వాడే ఎల్‌టీ1054 డిప్‌లో ఎనిమిది కాళ్లు, టెక్సాస్ వాళ్ల ఎస్ఎండీ రకం ఒకదానికి పదహారు, ఎనిమిది కాళ్ల అడాప్టర్ తెచ్చుకుంటే దేనికీ పనికిరాదు. అందుకే దాన్ని నేను డిప్‌లోనే తీసుకుంటాను. దాని బదులు పాత 7660 పెడితే దాని ఆసిలేటర్ పది కిలోహెర్ట్జ్ దగ్గర నడిచి ఆంప్‌లో సన్నగా కూస్తుంది, పైగా అది తట్టుకునేది పది వోల్టుల వరకే, చవక పవర్ అడాప్టర్లు 9 వోల్టులని రాసి అంతకన్నా ఎక్కువే వదులుతాయి, ఎల్‌టీ1054 అయితే 15 వరకు తట్టుకుంటుంది.