సుక్రోజ్ గ్రేడియంట్: స్ట్రెస్‌లో ఉన్న రైబోజోమ్‌ల మీద ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

బ్యాక్టీరియాకి తిండి లేకపోయినా, చలి తగిలినా దాని రైబోజోమ్‌ల (సెల్‌లో ప్రొటీన్లు తయారుచేసే యంత్రాల) మీదకి ఏ ప్రొటీన్లు వచ్చి కూర్చుంటాయి, కూర్చుని ఏం చేస్తాయి అన్నదే నేను చేసే పని. ఆ పనికి నేను అన్నిటికంటే ఎక్కువగా వాడింది సుక్రోజ్ గ్రేడియంటే. క్రయో-ఈఎం (గడ్డకట్టించిన శాంపిల్‌ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతి) వచ్చాక కూడా ఈ పాత పద్ధతి ఎందుకండీ అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. ముందే చెప్పేస్తా, నాకు ఈ పద్ధతంటే చాలా ఇష్టం, ఇప్పటికీ ఏ కొత్త బ్యాక్టీరియా చేతికొచ్చినా మొదట ఇదే చేస్తా. కానీ వచ్చిన గ్రాఫ్‌ని గుడ్డిగా నమ్మేస్తే మాత్రం తప్పుదారి పడతాం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. సెల్స్‌ని పగలగొట్టి వచ్చిన ద్రవాన్ని, అంటే లైసేట్‌ని, పై నుంచి కిందకి చిక్కబడుతూ పోయే సుక్రోజ్ ద్రావణం మీద నెమ్మదిగా పోసి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం, ఎస్‌డబ్ల్యూ 41 రోటర్ అయితే 35,000 ఆర్‌పీఎం దగ్గర ఓ మూడు గంటలు. పెద్దవి కిందకి పోతాయి, చిన్నవి పైనే ఉండిపోతాయి. తర్వాత ట్యూబ్‌లోంచి పంప్ చేస్తూ యూవీ రీడింగ్ తీసుకుంటే 30ఎస్, 50ఎస్, 70ఎస్, వాటి వెనకాల పాలీసోమ్‌లు వరసగా పీక్‌లై కనిపిస్తాయి. 30ఎస్, 50ఎస్ అంటే రైబోజోమ్ చిన్న, పెద్ద ముక్కలు, 70ఎస్ రెండూ కలిసిన పూర్తి రైబోజోమ్, పాలీసోమ్ అంటే ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి సూచన మోసే ఆర్‌ఎన్‌ఏ) మీద ఎక్కి పనిచేస్తున్న రైబోజోమ్‌ల వరస. జోరుగా పెరుగుతున్న ఈ. కోలైలో పాలీసోమ్‌లు బాగా కనిపిస్తాయి. అదే కల్చర్‌ని స్టేషనరీ ఫేజ్‌లోకి (తిండి అయిపోయి పెరుగుదల ఆగే దశలోకి) వదిలేసి మళ్ళీ చూస్తే పాలీసోమ్‌లు దాదాపు మాయమై, 70ఎస్ వెనకాల ఇంకో పీక్ లేస్తుంది. అదే 100ఎస్, అంటే రెండు 70ఎస్‌లు జంటగా అతుక్కుని నిద్రపోతున్నాయన్నమాట. ఆ పీక్ లేచినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది, బ్యాక్టీరియా తన ఫ్యాక్టరీని కూల్చేయకుండా తాళం వేసి దాచుకున్న సంగతి కళ్ళకి కనిపించేది అక్కడే.

ఆ తాళం వేసే ప్రొటీన్లు చూస్తే చాలా చిన్నవి. ఈ. కోలైలో ఆర్‌ఎంఎఫ్ 55 అమైనో ఆమ్లాలే, దీన్ని జపాన్‌లో వాడా గ్రూప్ 1990లో రిపోర్ట్ చేసింది. హెచ్‌పీఎఫ్ 95. ఆర్‌ఎంఎఫ్ వెళ్ళి 30ఎస్‌లోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ చివర, ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో జతపడాల్సిన చోటికి పక్కనే కూర్చుంటుంది, దాంతో 30ఎస్ ఆకారం కొంచెం మారి ఇంకో 30ఎస్‌తో తల కలుపుతుంది. హెచ్‌పీఎఫ్ ఏమో ఎంఆర్‌ఎన్‌ఏ, టీఆర్‌ఎన్‌ఏ (అమైనో ఆమ్లాలు మోసుకొచ్చేది) ఉండాల్సిన దారిలోనే అడ్డంగా ఇరుక్కుంటుంది. మూడోది వైఎఫ్‌ఐఏ, ఇది కూడా హెచ్‌పీఎఫ్ చోటులోనే కూర్చుంటుంది కానీ దాని తోక ఆర్‌ఎంఎఫ్‌ని రానివ్వదు, అందుకని వైఎఫ్‌ఐఏ ఉన్న రైబోజోమ్ జంట కట్టదు, ఒంటరి 70ఎస్‌గానే పడుకుంటుంది.

ఈ పద్ధతిలో నాకున్న మొదటి కంప్లైంట్ సరిగ్గా ఇక్కడే. 70ఎస్ పీక్ చూసి అందులో ఏముందో చెప్పలేం. ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఒంటరిగా పని చేస్తున్న రైబోజోమ్, ఖాళీ రైబోజోమ్, వైఎఫ్‌ఐఏ వేసుకుని నిద్రపోతున్న రైబోజోమ్, మూడూ ఒకే చోట దిగుతాయి. ట్యూబ్‌లోని ద్రవాన్ని ఫ్రాక్షన్లుగా తీసి, టీసీఏ అనే ఆమ్లంతో ప్రొటీన్ దింపి, జెల్ మీద వేసి వెస్టర్న్ (యాంటీబాడీతో ఆ ప్రొటీన్‌ని పట్టే పరీక్ష) చేస్తే గానీ తేలదు. అసలు ఈ ప్రొటీన్లు మరీ చిన్నవి కాబట్టి మామూలు జెల్ వేస్తే ముందుకి కారిపోతాయి, ట్రిసిన్ జెల్ వాడండి. గ్రాఫ్ ఒక్కటే పెట్టి "హైబర్నేషన్ (రైబోజోమ్‌ల నిద్ర) జరిగింది" అని రాసే పేపర్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

100ఎస్ పీక్ విషయంలో కూడా ఒక మెలిక ఉంది. ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ మీద రెండు రైబోజోమ్‌లు ఎక్కి ఉంటే, అంటే డైసోమ్, అది కూడా దాదాపు అక్కడే దిగుతుంది. తేడా పట్టాలంటే లైసేట్‌లో కొంత భాగానికి కొద్దిగా ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమ్) కొట్టి ఇంకో ట్యూబ్‌లో పక్కనే తిప్పండి. డైసోమ్ అయితే మధ్యలో ఎంఆర్‌ఎన్‌ఏ తెగి 70ఎస్‌లోకి కలిసిపోతుంది, నిజమైన 100ఎస్ ప్రొటీన్లతో అతుక్కున్నది కాబట్టి కదలకుండా ఉంటుంది. రోటర్‌లో ఆరు ట్యూబులే పడతాయి, అందులో ఒకటి దీనికి పోతుందని చాలామంది మానేస్తారు, నేనైతే మానను.

మెగ్నీషియం గురించి ఎంత చెప్పినా తక్కువే. బఫర్‌లో మెగ్నీషియం 1 మిల్లీమోలార్‌కి దించేస్తే 70ఎస్ విడిపోయి 30ఎస్, 50ఎస్ పీక్‌లే మిగులుతాయి. 10 నుంచి 15 మధ్య ఉంచితే 100ఎస్ నిలబడుతుంది. ఉప్పు ఎక్కువైనా గొడవే, 1 మోలార్ అమ్మోనియం అసిటేట్‌తో కడిగితే ఆర్‌ఎంఎఫ్ ఊడిపోయి 100ఎస్ కాస్తా 70ఎస్ అవుతుంది. అంటే "సాల్ట్ వాష్‌లో పోయింది కాబట్టి అది ఉత్తినే అంటుకున్న చెత్త" అనే వాదన ఈ ప్రొటీన్ల దగ్గర చెల్లదు. దానికి బదులు నేను ఈడీటీఏ (మెగ్నీషియంని పట్టేసే రసాయనం) కంట్రోల్ పెడతా, ఈడీటీఏ వేసి 70ఎస్‌ని విడగొడితే నిజంగా రైబోజోమ్ మీద ఉన్న ప్రొటీన్ కూడా తన చోటు మార్చుకుని పైకి జరుగుతుంది, మెంబ్రేన్ ముక్కలతోనో ప్రొటీన్ ముద్దలతోనో కలిసి దిగినది అయితే అలాగే కిందే ఉండిపోతుంది.

కానీ అసలు చిక్కు సెంట్రిఫ్యూజ్ ఎక్కించకముందే మొదలవుతుంది, నేను ఇంత రాయడానికి కారణం కూడా అదే. స్ట్రెస్ గురించి చదువుతున్నాం అంటూనే, కల్చర్‌ని ఐస్ మీద పెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పి పెల్లెట్ చేస్తాం. ఆ పది నిమిషాలూ ఆ సెల్స్‌కి చలి, గాలి లేదు, పక్కన తిండి అయిపోతోంది. అంటే మనం ఇవ్వాలనుకున్న స్ట్రెస్ మీద మన చేతులు ఇంకో స్ట్రెస్ ఇస్తున్నాయి. మెల్లగా చల్లబడే లోపు పని చేస్తున్న రైబోజోమ్‌లు ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏ పూర్తి చేసేసి దిగిపోతాయి, కొత్తవి ఎక్కవు, పాలీసోమ్‌లు పోతాయి, అది చూసి మనం ఇచ్చిన స్ట్రెస్ వల్లే ట్రాన్స్‌లేషన్ (ప్రొటీన్ తయారీ) ఆగింది అనుకుంటాం. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ వేస్తే అక్కడికక్కడ ఆగుతాయి నిజమే, కానీ ఆ మందు కూడా రైబోజోమ్‌లు ఎక్కడెక్కడ ఆగాయన్న లెక్కని మార్చేస్తుంది. నాకు నమ్మకం కుదిరిన పద్ధతి ఒక్కటే, ఫిల్టర్ మీద సెల్స్‌ని చటుక్కున వడగట్టి గీరి నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లో వేసేయడం. చేతులు త్వరగా ఆడాలి, ఫిల్టర్ ఆరిపోకూడదు, గరిటె ముందే చల్లబరిచి పెట్టుకోవాలి.

ఐస్ ఎంత పని చేస్తుందో తెలియాలంటే బాలోన్ అనే ప్రొటీన్ కథ చాలు. చలిని ఇష్టపడే సైక్రోబాక్టర్ యురేటివొరాన్స్ అనే బ్యాక్టీరియాని చలిలో ఉంచి రైబోజోమ్‌లు తీసి క్రయో-ఈఎంలో చూస్తే ఏ-సైట్‌లో (రైబోజోమ్‌లో కొత్త టీఆర్‌ఎన్‌ఏ వచ్చి కూర్చునే చోటులో) ఎవరూ ఊహించని ఈ ప్రొటీన్ కనిపించింది, 2024లో నేచర్‌లో వచ్చింది. ఇది టీఆర్‌ఎన్‌ఏని రైబోజోమ్‌కి తెచ్చే ఈఎఫ్-టీయూ అనే ప్రొటీన్‌తో కలిసి వచ్చి కూర్చుంటుంది, పైగా ఎంఆర్‌ఎన్‌ఏ మీద పనిలో ఉన్న రైబోజోమ్ మీద కూడా కూర్చోగలదు. హెచ్‌పీఎఫ్‌కి ఆ వీలు లేదు, దారి ఖాళీగా ఉండాలి. గ్రేడియంట్ ఒక్కదాంతో బాలోన్ దొరికేది కాదు, 70ఎస్ పీక్‌లో దాక్కుని ఉండేది. ఈ ఒక్క చోట క్రయో-ఈఎంకి పూర్తి మార్కులు.

మరి క్రయో-ఈఎం ఉండగా గ్రేడియంట్ ఎందుకు? ఎందుకంటే మొత్తం రైబోజోమ్‌లలో ఎన్ని పడుకున్నాయి, ఎన్ని మేలుకున్నాయి అన్నది గ్రేడియంటే చెప్తుంది. క్రయో-ఈఎంలో శాంపిల్ పెట్టే గ్రిడ్ మీద 100ఎస్‌లు విడిపోవచ్చు, పార్టికల్స్ ఏరేటప్పుడు కొన్ని రకాలు పోతాయి, మిగిలిన బొమ్మ అద్భుతంగా ఉంటుంది కానీ అది లెక్క కాదు. రెల్‌ఏ లాంటి వాటికి మాత్రం రెండూ కావాలి. అమైనో ఆమ్లం దొరకనప్పుడు ఏ-సైట్‌లోకి ఖాళీ టీఆర్‌ఎన్‌ఏ వస్తే దాన్ని గుర్తుపట్టి పీపీజీపీపీ అనే స్ట్రెస్ సంకేత అణువుని తయారు చేసే ప్రొటీన్ ఇదే. సెల్‌లో సుమారు 200 రైబోజోమ్‌లకి ఒకటి చొప్పున ఉంటుందంటారు, గ్రాఫ్‌లో దాని జాడే ఉండదు, మంచి యాంటీబాడీ లేకపోతే ఆశ వదులుకోవాల్సిందే.

బ్యాక్టీరియా మారితే అనుభవం కూడా మారుతుంది. స్టాఫ్ ఆరియస్, బాసిల్లస్ సబ్టిలిస్ లాంటి వాటిలో ఆర్‌ఎంఎఫ్ అసలు లేదు, పొడుగు హెచ్‌పీఎఫ్ ఒక్కటే తన చివరి భాగంతో రెండు 70ఎస్‌లనీ కలుపుతుంది, స్టాఫ్‌లో అయితే పెరిగే దశలో కూడా 100ఎస్ కనిపిస్తుంది. కాబట్టి అక్కడ 100ఎస్ ఉంది, అంటే స్ట్రెస్ ఉంది అని తేల్చేయకండి.

ఇక విసుగు పుట్టించేవి: సగం రోజు పోతుంది, ఆగేటప్పుడు బ్రేక్ వేస్తే గ్రేడియంట్ కలిసిపోతుంది, పంప్ ట్యూబింగ్‌లో గాలి బుడగ ఒక్కటి చాలు పీక్ చెడగొట్టడానికి. 100ఎస్ కోసం 5–20 శాతం గ్రేడియంట్, పాలీసోమ్‌ల కోసం 10–40, రెండూ ఒకే ట్యూబ్‌లో అందంగా రావాలని కోరుకోవద్దు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఒకటి చెప్తా. లైసేట్ తీసే రోజు అదే కల్చర్ నుంచి కొంచెం ప్లేట్ చేసి కాలనీలు లెక్కపెట్టండి, హెచ్‌పీఎఫ్ తీసేసిన మ్యూటెంట్‌ది కూడా. సూడోమోనాస్‌లో హెచ్‌పీఎఫ్ లేకపోతే ఆకలి దశలో రైబోజోమ్‌లు పాడైపోతాయి, చాలా సెల్స్ మళ్ళీ లేచి పెరగలేవు. మీ బ్యాక్టీరియాలో కూడా అంతేనా కాదా అన్నది ఏ పీక్ చూసినా తెలియదు, ప్లేట్ మీదే తెలుస్తుంది.